అమ్మ షుగర్ రీడింగులు అమ్మకే ఆసక్తి కలిగేలా ఎలా గీయాలి?

తెనాలి అమ్మాయి:
మా అమ్మ టైలర్. ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడుతుంది. షుగర్ వచ్చాక గ్లూకోమీటర్ కొనిచ్చాం. పొద్దున్నే పరగడుపున చూసుకుని, కస్టమర్ల కొలతలు రాసే నోటుపుస్తకంలోనే చంక, నడుము కొలతల కింద ఆ అంకె కూడా రాసేస్తుంది. "132, రాత్రి వ్రతం ప్రసాదం." "118, బాగా నడిచా." అవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి లైన్ గ్రాఫ్ చూపిస్తే, "బాగుందమ్మా, డాక్టరు గారికి చూపించు" అని మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. అమ్మ తనంతట తాను ఆగి చూసుకునే బొమ్మ కావాలి నాకు. పువ్వులా గీస్తే ఎలా ఉంటుంది?

గ్రాఫుల గది:
పువ్వు వద్దండి. ఓఈసీడీ అనే దేశాల కూటమి 2011లో తెచ్చిన, ఏ దేశంలో బతుకు ఎంత బాగుందో చూపే 'బెటర్ లైఫ్ ఇండెక్స్'లో ఒక్కో దేశం ఒక పువ్వు, 11 అంశాలకు 11 రేకులు. రేకు పొడవు స్కోరు, వెడల్పు మనం ఆ అంశానికిచ్చే ప్రాధాన్యం. అక్కడ రేకు పెరిగిందంటే మంచిదే కాబట్టి నప్పింది. షుగర్ పెరిగేకొద్దీ పువ్వు విచ్చుకుంటే చూసేవాళ్లకు తప్పు అర్థం వస్తుంది.

అంకె పక్కన అమ్మ రాసిన ముక్కలున్నాయే, అవి అసలు వదలొద్దు. జార్జియా లూపి అనే డిజైనర్, సంగీతకారిణి కాకీ కింగ్‌తో కలిసి 2018లో 'బ్రూజెస్' (కమిలిన మచ్చలు) అనే డేటా బొమ్మ చేసింది. కాకీ కూతురికి ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు. రక్తపరీక్షల అంకెలతో పాటు ఒంటి మీది కమిలిన మచ్చలు, తల్లి భయం, ఆశ కూడా రోజువారీగా అందులోకి వచ్చాయి. ఉత్త ప్లేట్‌లెట్ గ్రాఫ్ ఎవరినీ అంతసేపు నిలబెట్టదు.

మీ అమ్మగారి చేతిలో సూది ఉంది కదా, గుడ్డ మీదే కుట్టించండి. కాడకుట్టుతో అడ్డంగా రెండు గీతలు, 80 దగ్గర ఒకటి, 130 దగ్గర ఒకటి. రోజుకో పూస, పది పాయింట్లకు అర అంగుళం చొప్పున టేపు పెట్టి కొలిచి. ప్రసాదం తిన్న రోజుకు ఒక రంగు, నడిచిన రోజుకు ఇంకో రంగు. ఏ రంగు దేనికో ఒక మూల కుట్టేయాలి, లేకపోతే ఆర్నెల్లకు ఎవరికీ గుర్తుండదు.

స్టాఫ్ నర్స్, విశాఖ:
ఐడియా చాలా నచ్చింది. ఆ రెండు గీతలు మాత్రం డాక్టరుగారిని అడిగి పెట్టండి, పెద్దవాళ్లకు లక్ష్యం వేరుగా ఉండొచ్చు. 70 కంటే తగ్గితే అదీ ప్రమాదమే, కాబట్టి కింది వైపు కూడా గుడ్డ వదలండి. పై గీత దాటిన పూసలకు ఎరుపు దయచేసి వద్దు. తిట్టినట్టు అనిపిస్తే కొందరు పేషెంట్లు చూసుకోవడమే మానేస్తారు, వార్డులో చూస్తూనే ఉంటాం. చూసుకోని రోజు ఖాళీగా ఉంచండి.

పూసలన్నీ ఒకే సైజువి తీసుకోండి, లేకపోతే పెద్ద పూస పెద్ద అంకెలా కనబడుతుంది. నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ 1858లో సైనికుల మరణాలను చక్రంలా గీసినప్పుడు అంకెను వైశాల్యంతో చూపించారు. వ్యాసార్థం రెట్టింపు చేస్తే బొమ్మ నాలుగింతలవుతుంది మరి.

తెనాలి అమ్మాయి:
అమ్మకు చదివి వినిపించాను. "తెల్ల కాటన్ కాదు, లేత పసుపు తీసుకో, పూసలు ఎత్తుగా కనబడతాయి" అంది! భోజనం చేసిన రెండు గంటలకు చూసిన రీడింగులు కూడా అక్కడక్కడా ఉన్నాయి. అవీ ఇందులోనే కుట్టమననా?

స్టాఫ్ నర్స్, విశాఖ:
వేరే గుడ్డ మీద. వాటికి మామూలుగా 180 లోపు చూస్తాం. రెండూ కలిపితే పరగడుపు బాగున్న రోజు కూడా పూస గీత దాటినట్టే కనబడుతుంది.