మేడారం బస్సు కథల పుస్తకం సొంతంగా వేసుకున్నాను, జనంలోకి ఎట్లా తీసుకుపోవాలి?

కండక్టర్, హన్మకొండ

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో కండక్టర్ని. జాతర డ్యూటీ అంటే మావాళ్లు చాలామంది తప్పించుకోవాలని చూస్తారు. నేను మాత్రం అడిగి మరీ వేయించుకుంటాను. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం దారి పట్టే జనం దగ్గర ఉన్నన్ని కథలు నాకు ఇంకెక్కడా దొరకలేదు. వాటినే రాసిపెట్టుకుని, మొన్న జనవరి ఆఖరులో అయిన జాతరకు ముందు పుస్తకం వేశాను. పేరు 'జాతర టికెట్'. డెమీ సైజు, 144 పేజీలు, వెల 150. ఐదొందల కాపీలు సొంత పైసలతో కొట్టించాను. కాపీకి 80 దాకా పడ్డది.

కథల తీరు తెలియాలంటే ఒకటి చెప్తాను. పరకాల వైపు ముసలమ్మ ఒకామె బెల్లం గంపను సీటు మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన మనవడు నిలబడి ఉన్నాడు. వాడికి చిన్నప్పుడు కాళ్లు రాలేదట, నడిస్తే వాడి ఎత్తు బంగారం, అంటే వాడు ఎంత బరువుంటే అంత బెల్లం, ఇచ్చుకుంటానని సమ్మక్క తల్లికి మొక్కిందట. ఆడవాళ్లకు ఫ్రీ కాబట్టి ఆమెకు జీరో టికెట్ ఇచ్చాను, పిల్లగానికి అరటికెట్ కొట్టాను. గంపకు సీటు కావాలంటే దానికీ టికెట్ తీయాలమ్మా అన్నాను. "తీస్త బిడ్డా, తియ్యనన్ననా? కానీ వాడూ బెల్లమూ ఒక్కటే తూకం. వానికి అరటికెట్టు కొట్టి బెల్లానికి ఫుల్ టికెట్టు ఎట్ల కొడతవు?" అన్నది. బస్సంతా నా మొహమే చూస్తోంది. తర్వాత ఏమైందో పుస్తకంలో ఉంది.

ఆవిష్కరణ బాగానే జరిగింది. శాలువాలు కప్పారు, ఫొటోలు దిగాం, వచ్చినవాళ్లకు తలా ఒక కాపీ ఇచ్చాం. "చదివి ఫోన్ చేస్తా తమ్మీ" అన్నవాళ్లలో ఫోన్ చేసింది మా మేనమామ ఒక్కడే. అదీ మా చెల్లె సంబంధం గురించి. మిగిలిన కట్టలు మంచం కింద ఉన్నాయి. ఊడ్చినప్పుడల్లా మా ఆవిడ "ఇవి ఏ స్టేజీల దిగుతయో చెప్పు" అంటుంది.

ఈమధ్య ఒక పబ్లిసిటీ కంపెనీవాళ్లు ఫోన్ చేసి 35 వేలు కడితే 'బెస్ట్ సెల్లర్ ప్యాకేజీ' అంటున్నారు. రీల్స్, యాడ్స్, అవార్డు కూడా అందులోనేనట. ఇంకోవైపు మా అమ్మ. "తల్లి మీద రాసినవు, తల్లే చూసుకుంటది. నువ్వు చేతుల పట్టుకొని తిరుగుడేంది?" అంటుంది. మొదటి కాపీ మేడారంలో తల్లుల గద్దెల దగ్గర పెట్టి, బంగారం ఇచ్చుకుని వచ్చినవాణ్ని. నమ్మకం నాకూ ఉంది. పుస్తకం పట్టుకుని నలుగురినీ అడిగితే ఆ నమ్మకం లేనట్టా? ఇదే టెన్షన్. డ్యూటీలో అమ్మడం మాత్రం చేయను. ఏం చేయమంటారు?

కరీంనగర్ పోరడు

అన్నా, 35 వేలు ఎవరికీ ఇయ్యకు. నీ దగ్గర ముసలమ్మ ఉంది, చాలు.

ఫోన్‌లో నువ్వే చదివి రికార్డు చెయ్యి. స్టూడియో వద్దు, వెనక బస్టాండ్ చప్పుడు వినబడనీ. "రైట్ రైట్" అని మొదలుపెట్టి, ఇక్కడ ఆపినట్టే బస్సంతా నీ మొహం చూసే దగ్గర ఆపు. నిమిషంన్నర దాటొద్దు. యూనిఫాం మీద మాత్రం వీడియో తియ్యకు, డిపోలో మాట వస్తుంది. జాతర అయిపోయింది కదా అనుకోకు. మొక్కు ఉన్న ఇంట్లో ఆ ముచ్చట ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటది.

ఇంకోటి. మిషన్లు రాకముందు రంగు కాగితం టికెట్లు ఉండేవి కదా, పంచ్‌తో చిల్లు కొట్టి ఇచ్చేవాళ్లు. అదే సైజులో బుక్‌మార్క్ వేయించు. 'హన్మకొండ నుంచి మేడారం' అని ముందు, ఆర్డరు చేసే వాట్సాప్ నంబరు వెనక. చిల్లు నువ్వే కొట్టి ఇయ్యి. కండక్టర్ చేతి చిల్లు ఇంకే రచయిత ఇయ్యగలడు?

మొండి పాఠకుడు, జనగామ

పోతన ఊరు బమ్మెర మాకు దగ్గరే కాబట్టి అడుగుతున్నాను. ఆయన భాగవతాన్ని రాముడికి ఇచ్చాడు గానీ రాజుకు ఇవ్వలేదు. మనం తల్లి పేరు పెట్టి 150 అంటున్నాం.

అయినా నా గొడవ పైసలతో కాదు, అట్టతో. అట్ట నిండా గద్దెల ఫొటో, కుంకుమ, బెల్లం. మా వదిన జాతర దారిలో ఒక దుకాణంలో నీ పుస్తకం కొన్నది. మహత్యం పుస్తకం అనుకుని పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. ఇప్పటిదాకా తెరవలేదు. నీ పుస్తకానికి పూజ జరుగుతోంది, చదువు జరగడం లేదు. నేను తీసి చదివాను. ముసలమ్మ కథ బాగుంది. తప్పిపోయిన పిల్లగాని కథలో మాత్రం చివరి పేజీ నీ ఉపన్యాసం, అది తీసెయ్.

రిటైర్డ్ లైబ్రేరియన్, హన్మకొండ

తమ్ముడూ, ఉద్యోగమంతా పుస్తకాల మధ్యే గడిపాను. సొంతంగా వేసుకున్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడే తీరు నాకు బాగా తెలుసు. సంచిలోంచి పుస్తకం తీయడానికి కూడా మొహమాటపడేవాళ్లు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఐఎస్‌బీఎన్, అదే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు, ఉందా? లేకపోతే రెండో ముద్రణకైనా తీసుకో. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. రచయితే ప్రచురించుకున్నా ఇస్తారు, రూపాయి ఫీజు లేదు. "మేము ఇప్పిస్తాం, ఇంత అవుతుంది" అనేవాళ్లుంటారు, వాళ్లకు దండం పెట్టు. అట్లాగే 1954 చట్టం ప్రకారం ప్రచురించినవాళ్లు నెల రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకు తలా ఒకటి సొంత ఖర్చుతో పంపాలి. నువ్వు వేసుకున్నావు కాబట్టి ప్రచురణకర్తవు నువ్వే. ఆలస్యమైనా పంపెయ్. ఇది అమ్మకం కాదు, కానీ చెన్నై కన్నెమరా లైబ్రరీలో నీ ముసలమ్మ ఉంటుంది కదా.

దుకాణాల లెక్క చూడు. 150లో నలభై శాతం కమిషన్ పోతే నీకు వచ్చేది 90. ముద్రణకు 80 పోయింది. ఆ పది రూపాయల కోసం ఊరూరా దుకాణాలకు కట్టలు మోస్తే బస్సు పాస్ ఉన్న నీకు కూడా గిట్టదు. హన్మకొండలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, రెండు చోట్ల ఇచ్చి ఊరుకో. మిగతావి పోస్టులో పంపు. రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ 2024 డిసెంబరులో ఎత్తేసినప్పుడు మా రచయితలు చాలా బాధపడ్డారు. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మూడొందల గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. ఐదు కిలోల దాకా పంపొచ్చు, దానికి వంద. నీ పుస్తకం కవరుతో కలిపినా మూడొందల గ్రాములు దాటదు. సామాజిక, సాంస్కృతిక, మత సంబంధ పుస్తకాలు అందులో వెళ్తాయి. ముద్రించినవాళ్లదో ప్రచురించినవాళ్లదో పేరు పుస్తకం మీద ఉండాలి. పేరుంటే హెడ్ పోస్టాఫీసుకు పోయి అడుగు.

ఉచితంగా పంచడం ఇవాళే ఆపెయ్. ఒక్క గ్రంథాలయాలకు మాత్రం ఇయ్యి. మన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉంది. హన్మకొండలో ఉండి హన్మకొండ బస్సు మీద పుస్తకం వేసి అక్కడ లేకపోతే ఎట్లా? జిల్లా గ్రంథాలయానికి ఇచ్చేటప్పుడు ఒక పని చెయ్యి. ఇప్పుడు రీడింగ్ రూముల నిండా గ్రూప్స్‌కు, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలే. పొద్దున వచ్చి కుర్చీ పట్టుకుంటే రాత్రికి గానీ లేవరు. వాళ్లు కథల పుస్తకం అడగరు. కానీ నీళ్లు తాగడానికి లేచినప్పుడు నోటీసు బోర్డు చూస్తారు. ముసలమ్మ కథను రెండు పేజీల్లో పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, అడిగి, అక్కడ అంటించు. కింద 'మిగతాది కౌంటర్‌లో' అని రాయి. అది చదివి కౌంటర్‌కు వచ్చే పిల్లలు నీ శాలువాల మందికన్నా ఎక్కువే ఉంటారు.

మీ అమ్మ మాటకు వస్తాను. మొక్కు మొక్కినవాళ్లు ఇంట్లో కూర్చున్నారా? గంప ఎత్తుకుని నీ బస్సే ఎక్కారు కదా. జనగామ సారు పోతన సంగతి తెచ్చారు. పోతన రాజుకు ఇవ్వనన్నాడు గానీ జనానికి చేరొద్దనలేదు. పాడైన భాగాలను గంగన, సింగన, నారయ పూనుకుని పూర్తి చేయబట్టే మన దాకా వచ్చింది. మన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయనకు లేని నామోషీ నీకెందుకు?

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. "ఈ పుస్తకం ఇంట్లో ఉంటే తల్లి చల్లగా చూస్తుంది" అని ఎవరైనా వాట్సాప్‌లో పెట్టమంటే పెట్టకు. అమ్ముడుపోతుంది, నిజమే. కానీ నువ్వు కథకుడివి, తాయెత్తులవాడివి కాదు.

తాడ్వాయి నుంచి

నేను కోయ. పుస్తకం ఇంకా చూడలేదు కాబట్టి తిట్టను, మెచ్చుకోను. అడిగేది ఒక్కటే. మేడారం మీద రాసే చాలామంది నాలుగు రోజులు వస్తారు, రాసుకుంటారు, పోతారు. మా పూజారులైన వడ్డెలు, మా డోలీ వాయిద్యాలు, మా అడవి వాళ్ల పుస్తకాల్లో బొమ్మలాగా వెనక నిలబడి ఉంటాయి. మీ పుస్తకాన్ని మావాళ్లు ఎవరైనా చదివారా? కన్నెపల్లి నుంచి సారలమ్మను, చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే ముచ్చట రాసి ఉంటే, ముందు ఇక్కడి పెద్దలకు చదివి వినిపించి తర్వాత ప్రచారం చెయ్యండి. పెద్ద జాతర మళ్లీ 2028లోనే. కానీ వచ్చే మాఘంలో చిన్న జాతర ఉంటుంది. అప్పుడు జనం పలుచగా ఉంటారు, మాట్లాడే తీరిక మాకూ ఉంటుంది. అప్పుడు రండి.

గోదావరిఖని

కండక్టరన్నా, మేడారం పోలేనోళ్లకు మా దగ్గర గోదావరి ఒడ్డునే సమ్మక్క గద్దెలున్నాయి. సింగరేణి కాలనీల్లో మొక్కు లేని ఇల్లు తక్కువ. షిఫ్టు దిగినాక చాయ్ దగ్గర ఒక పదిమందిమి కూర్చుంటాం, అందులో ఇద్దరు కవిత్వం రాస్తరు, మిగిలినోళ్లం భరిస్తం. నువ్వు వచ్చి రెండు కథలు చదువు. సభ వద్దు, మైకు వద్దు, ముఖ్య అతిథి అసలే వద్దు. చదివినాక నచ్చినోడు కొంటడు.

కండక్టర్, హన్మకొండ

అందరికీ దండాలు. ప్యాకేజీవాళ్లకు వద్దని చెప్పేశాను. మళ్లీ ఫోన్ చేసి 20 వేలకు దిగారు. సంతలో బేరం కూడా అంత తొందరగా దిగదు.

జనగామ సార్, ఉపన్యాసం పేజీ మా ఆవిడ కూడా తీసెయ్యమన్నది. రెండో ముద్రణలో ఉండదు. అట్ట సంగతి మాత్రం నేను సగమే ఒప్పుకుంటాను. గద్దెల ఫొటో తీసేస్తాను, బెల్లం గంప మాత్రం ఉంటుంది. అది దేవత కాదు, నా కథలో మనిషి. మీ వదినగారి కాపీని గూట్లోంచి తీయమని చెప్పకండి. ఇంకొకటి పంపిస్తాను, చదువుకోవడానికి.

తాడ్వాయి తమ్ముడూ, గద్దెల మీది ముచ్చట నేను రాయలేదు. నాకు తెలిసింది బస్సు లోపలిదే. ఎక్కినకాడి నుంచి దిగేదాకా, ములుగు దగ్గర గట్టమ్మ గుడి కాడ బస్సు ఆగినప్పుడు కొబ్బరికాయ కొట్టి ఉరుక్కుంటూ వచ్చి ఎక్కేవాళ్లతో సహా. కానీ ఒక కథలో డోలీ కొట్టే తాత ఉన్నాడు. ఆ కథ మీ పెద్దలకు వినిపించాలి, మీరన్నది సరైనదే. చిన్న జాతరకు సెలవు పెట్టుకుని వస్తాను. డ్యూటీ మీద కాదు.

లైబ్రేరియన్ మేడం, నోటీసు బోర్డుకు అనుమతి దొరికింది. అక్కడి సారు కథ చదివి "టికెట్ కొట్టినవా లేదా చెప్పు" అని నన్నే అడిగాడు. చెప్పలేదు, కౌంటర్‌లో ఉంది సార్ అన్నాను. జ్ఞాన్ పోస్ట్ కౌంటర్ దగ్గర తూకం వేయిస్తే 190 గ్రాములు వచ్చింది. మా అమ్మకు మీ మాట చదివి వినిపించాను. "గంప ఎత్తుకునుడు వేరు, గంప అమ్ముకునుడు వేరు" అన్నది. ఆమెతో నేను గెలవను. కానీ పొద్దున మా వీధి మహిళా సంఘంలో రెండు కాపీలు ఆమే అమ్మింది. పైసలు ఇంకా నాకు ఇయ్యలేదు.

కరీంనగర్ తమ్మీ, పాత పంచ్ మా రిటైరైన సీనియర్ ఒకాయన ఇంట్లో దొరికింది. కొంచెం తుప్పు పట్టింది, నూనె పోస్తే కొడుతోంది.

గోదావరిఖని అన్నా, ఆదివారాలు నాకు దొరకవు. మంగళవారం ఆఫ్. నడుస్తదా?

గోదావరిఖని

మంగళవారమే రా. మొదటి షిఫ్టు దిగినోళ్లు తానాలు చేసి వచ్చేసరికి నాలుగున్నర అయితది. కాపీలు ఇరవై తే, అంతకు మించి మోసుకురాకు. చిల్లర మాత్రం నువ్వే తెచ్చుకో, అందరూ రెండొందల నోటే ఇస్తరు.