ఉన్నది ఉన్నట్టే గీశాను, కానీ అందులో అమ్మమ్మ లేదు

గీతలమ్మాయి అడిగిన ప్రశ్న, దానికి లైట్‌బాక్స్, బొగ్గుపెన్సిల్, కత్తెర అనే పేర్లతో వచ్చిన జవాబులు

అందరికీ నమస్కారం. నేను యానిమేషన్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫైనల్ ప్రాజెక్టుకి 90 సెకన్ల టూడీ ఫిల్మ్ చేస్తున్నాను. కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటుంది. రెండుసార్లు తప్పుతుంది, మూడోసారి ఎక్కుతుంది, కుట్టుకోవడం మొదలుపెడుతుంది. అంతే.

ఇందులో ప్రాణంలాంటి షాట్ ఒకటుంది, 6 సెకన్లది. దానికోసం అమ్మమ్మనే కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీశాను. ఆ వీడియోని కింద పెట్టుకుని ట్రేస్ చేశాను. సెకనుకి 24 ఫ్రేములు, టూస్ మీద (ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు) కాబట్టి సెకనుకి 12 బొమ్మలు, మొత్తం 72 బొమ్మలు. పదకొండు రోజులు పట్టింది. వేలి కణుపుల మీద ముడతలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, దారం కొసని తడిపేటప్పుడు పెదవుల చుట్టూ పడే గీతలు, ఒక్కటి కూడా వదల్లేదు.

ప్లే చేసి చూస్తే అది మా అమ్మమ్మ కాదు. ఎవరో అమ్మమ్మలా తయారై చేతులు ఆడిస్తున్నట్టుంది. గీతలన్నీ వణుకుతున్నాయి. చెయ్యేమో నీళ్ళలో తేలుతున్నట్టు బరువు లేకుండా కదులుతోంది.

మొన్న క్లాసులో రివ్యూ జరిగింది. మా సర్ చూసి, "డ్రాయింగ్ బాగుంది. దీని అర్థం ఏంటి?" అన్నారు. "వృద్ధాప్యం సర్" అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అది నాది కాదని తెలిసిపోయింది, ఎక్కడో చదివింది అప్పజెప్పినట్టు. ఒక ఫ్రెండ్, "ముసలివాళ్ళ మీద ఇలాంటివి చాలానే వచ్చాయి కదా" అంది. ఇంకో అబ్బాయి, "ఇంత రియల్‌గా గీసేబదులు ఆ వీడియోనే చూపించొచ్చు కదా?" అన్నాడు. తను వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రంతా ఆ ప్రశ్నే తిరుగుతూ ఉంది.

నేను బొమ్మల వైపు వచ్చిందే ఉన్నది ఉన్నట్టు దించగలను కాబట్టి. చిన్నప్పుడు ఎవరైనా "అచ్చం ఫోటోలా ఉంది" అంటే ఆ రోజంతా నేల మీద కాలు నిలిచేది కాదు. ఇప్పుడు అదే మాట వింటే గుండె గుబేలుమంటోంది.

ఇంకో విషయం, అవసరమో కాదో తెలియదు. అసలు వీడియో 11 సెకన్లు. రెండోసారి తప్పాక అమ్మమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంది. అక్కడ ఏమీ కదలడం లేదు కాబట్టి తీసేశాను. చివర్లోనూ కొంత కత్తిరించాను.

నేను అడగాలనుకున్నది ఏంటంటే, అర్థం అనేది గీయడానికి ముందే చేతిలో ఉండాలా? ఇంతకుముందు ఎవరో చేసిన విషయమైతే వదిలేయాలా? రియలిజం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. దాన్నే వదులుకోమంటున్నారా? ఫైనల్ రివ్యూకి ఇంకా మూడు వారాలుంది. టెన్షన్‌గా ఉంది, కానీ మార్కుల కోసం కాదు. అమ్మమ్మని పాడుచేశానేమో అని.

లైట్‌బాక్స్

స్టూడియోలో చాలా ఏళ్ళుగా టూడీ చేస్తున్నాను. ముందు చిన్న విషయం. వీడియో ఏ ఫ్రేమ్ రేట్‌లో తీశావమ్మా? ఫోన్‌లో మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు ఉంటుంది. ప్రాజెక్టు 24లో పెట్టుకుంటే సాఫ్ట్‌వేర్ ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి పారేస్తుంది. దాని మీద మళ్ళీ నువ్వు ఒకటి విడిచి ఒకటి గీశావు. అంటే చెయ్యి ఒకచోట సమంగా నడుస్తుంది, ఇంకోచోట గెంతుతుంది. గీతలు వణకడానికి కారణం వేరు. ప్రతి బొమ్మనీ కొత్తగా ట్రేస్ చేస్తే ఏ రెండు గీతలూ ఒకేచోట పడవు. ఈ రెండూ సరిచేసుకోవచ్చు, భయపడాల్సినవి కావు.

తేలుతున్నట్టు ఉండటం మాత్రం వేరే జబ్బు. వీడియోలో చేతి బరువు మనకి తెలిసేది అంచు గీతని బట్టి కాదు. చర్మం మీద వెలుగు మారుతుంది, కండ సాగుతుంది, నీడ పడుతుంది. ట్రేస్ చేసినప్పుడు అవన్నీ పోయి అంచు మాత్రం మిగులుతుంది. బరువుని మోసేవన్నీ పారేసి మిగిలిన గీతని బరువు మొయ్యమంటే అది ఎక్కడ మోస్తుంది? అందుకే ఆ లోటుని టైమింగ్‌తో (కదలికకి ఎన్ని ఫ్రేములు), స్పేసింగ్‌తో (బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎంత ఎడం) పూడ్చాలి. చెయ్యి లేచే ముందు ఒక్క క్షణం కిందికి దిగాలి. బెజ్జం దగ్గరికి వచ్చేసరికి బొమ్మలు బాగా దగ్గరదగ్గరగా పడాలి.

ట్రేసింగ్ తప్పని నేను అనను. మ్యాక్స్ ఫ్లైషర్ అనే అమెరికన్ యానిమేటర్ తన తమ్ముడు డేవ్‌కి విదూషకుడి వేషం వేసి, ఫిల్మ్ తీసి, దాని మీద గీసి, ఇలా ట్రేస్ చేసే రోటోస్కోప్‌కి పేటెంట్ తెచ్చుకున్నాడు. 1915లో దరఖాస్తు పెడితే 1917లో వచ్చింది. మనుషుల్ని వీడియో తీసుకుని చూసుకోవడం మేమూ రోజూ చేసే పనే. కానీ చూశాక పక్కన పెడతాం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి చెప్తాను. జెరికో అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1821లో ఎప్సమ్ గుర్రపు పందేన్ని గీశాడు. గుర్రాలన్నీ ముందు కాళ్ళు ముందుకి, వెనక కాళ్ళు వెనక్కి చాచి గాల్లో ఉంటాయి. 1878లో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరుసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీస్తే అసలు సంగతి బయటపడింది. నాలుగు కాళ్ళూ నేల వదిలేది అవి చాచుకున్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. అంటే జెరికో తప్పు. కానీ శిల్పి రోడా (రోడిన్ అని కూడా రాస్తారు) ఒప్పుకోలేదు. నిజం చెబుతున్నది చిత్రకారుడే, అబద్ధం చెబుతున్నది ఫోటోయే అన్నాడు, ఎందుకంటే నిజంలో కాలం ఆగిపోదు. ఆ పెయింటింగ్ పక్కన మైబ్రిడ్జ్ ఫోటో పెట్టుకుని చూడు. ఫోటోలో గుర్రం ఆగిపోయి ఉంటుంది. పెయింటింగ్‌లో పరుగెత్తుతుంది. నీ 72 బొమ్మలూ ఆ ఫోటోల్లాంటివి.

నా సలహా ఏంటంటే, వీడియో మూసేసి గుర్తున్నంత వరకు 8 కీ పోజులు (కదలికలో ముఖ్యమైన భంగిమలు) గీయి. గుర్తులేనిది గీయకు.

బొగ్గుపెన్సిల్

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఒకచోట కాదు. నేను పోర్ట్రెయిట్లు గీస్తాను. ట్రేస్ చేయడాన్నీ రియలిజాన్నీ ఒకే గాటన కట్టకండి. ఎదురుగా మనిషిని పెట్టుకుని గీస్తే గంటలో పది నిర్ణయాలు తీసుకుంటాం, చెవి వదిలేద్దామా, దవడ కింద నీడ ముదురు చేద్దామా అని. ట్రేస్ చేసేటప్పుడు ఆ నిర్ణయాలన్నీ లెన్స్ ముందే తీసేసుకుని ఉంటుంది. మీ బొమ్మలో రియలిజం ఎక్కువైందని నాకు అనిపించడం లేదు. చూడటం తక్కువైందేమో. ఎవరు ఏమన్నా మీకు వచ్చిన విద్యని వదులుకోవద్దు, దయచేసి.

కత్తెర

నేను ఎడిటర్‌ని, గీయడం రాదు. మీ ప్రశ్నలో నాకు దొరికింది మీరు కత్తిరించిన ఆ 5 సెకన్లు.

అర్థం గురించి అడిగారు కదా. 1944లో హైడర్, సిమ్మెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న యానిమేషన్ తయారుచేశారు. ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపున్న ఒక పెట్టె. అవి కదులుతాయి, అంతకు మించి ఏమీ ఉండదు. 34 మందికి చూపించి ఏం జరిగిందో రాయమన్నారు. ఒకే ఒక్కరు ఆకారాలు కదిలినట్టు రాశారు. మిగిలినవాళ్ళందరూ ప్రాణమున్నవాటి గురించి రాసినట్టే రాశారు, పెద్దది బెదిరిస్తోందనో, చిన్నవి పారిపోతున్నాయనో. ముఖం లేదు, ముడతలు లేవు, కళ్ళజోడు లేదు. కదలికని బట్టి, ఆగడాన్ని బట్టి మనుషుల్ని ఊహించుకున్నారు.

కాబట్టి అర్థాన్ని మీరు ముందే తయారుచేసి షాట్‌లో పెట్టాల్సిన పని లేదు. చూసేవాళ్ళు దానికోసం వెతుకుతూనే ఉంటారు. వాళ్ళు వెతుక్కునే చోటుని మీరు కత్తిరించారేమో అని నా అనుమానం. ఎడిటింగ్ టేబుల్ మీద నేను మొదట్లో చేసిన తప్పూ ఇదే, ఏమీ జరగని చోట కత్తిరించడం. రెండుసార్లు తప్పిన మనిషి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది అంటే ఆవిడ ఏదో ఆలోచిస్తోంది. మీరు మూడో ప్రయత్నానికి పరుగెత్తారు.

చివర్లో కత్తిరించిన దాంట్లో ఏముంది? అది చెప్పండి ముందు.

లైట్‌బాక్స్

కత్తెర గారు సరైన చోట పట్టుకున్నారు. ఎవరో చేసేశారు అన్నదానికి ఒక్క మాట. మనం టూస్ అంటున్న పద్ధతి కూడా మనది కాదు. 1908లో ఎమిల్ కోల్ అనే ఫ్రెంచ్ యానిమేటర్ దాదాపు 700 బొమ్మలు గీసి ఒక్కోదాన్ని రెండేసిసార్లు షూట్ చేశాడు. 1914లో విన్సర్ మెకే అనే అమెరికన్ కార్టూనిస్టు తన ఫిల్మ్ కోసం డైనోసార్‌ని గీసేటప్పుడు, అది పడుకుని ఊపిరి పీల్చడానికి ఎంతసేపు పట్టాలో తెలియక తన ఊపిరికే టైమ్ చూసుకున్నాడు. డైనోసార్ బొమ్మలు అతని తర్వాత ఎన్నో వచ్చాయి. ఆ ఊపిరి మాత్రం అతనిది.

గీతలమ్మాయి

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. లైట్‌బాక్స్ సర్, మీరన్నది నిజమే, వీడియో 30లోనే ఉంది.

కత్తెర గారూ, మీరు అడిగాక ఆ చివరి ముక్క మళ్ళీ తెరిచాను. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. నా ఫిల్మ్‌లో మూడోసారి దారం ఎక్కుతుంది అన్నాను కదా. ఆ రోజు ఎక్కలేదు. ఎక్కే ముక్కని ఇంకోరోజు, లావు సూది ఇచ్చి, విడిగా తీశాను. అసలు వీడియోలో మూడో ప్రయత్నమే లేదు. రెండోసారి తప్పాక చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. దారం కొస విడిపోయి రెండు పోగులైంది, వాటిని చూసింది. బొటనవేలితో ఒకసారి పేనింది. ఆ తర్వాత తల ఎత్తకుండానే సూదినీ దారాన్నీ నా వైపు చాపింది. ఫోన్ వెనక నేనున్నాను. నేను వీడియో ఆపి, ఎక్కించి ఇచ్చాను.

అది నాకు జరిగిన విషయం, ఫిల్మ్‌కి సంబంధం లేనిది అనుకుని కత్తిరించాను. ఆవిడే ఎక్కించుకుంటే బాగుంటుందని కూడా అనుకున్నాను, ఓడిపోయినట్టు చూపించకూడదని. ఒక్కో ముడతనీ నిజాయితీగా గీసి, జరిగినదాన్ని మాత్రం మార్చేశాను. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు ఇది తట్టలేదు.

మొన్న ఫోన్ లేకుండా అమ్మమ్మ పక్కన కూర్చున్నాను. నేనూ ఒక సన్న సూది తీసుకుని ఎక్కించబోయాను. దారం బెజ్జం దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాను. తప్పగానే వదిలాను. భుజాలు దిగాయి. వీడియోలో ఆ భుజాలు ఉన్నాయి, నేను ట్రేస్ కూడా చేశాను, కానీ అది ఊపిరి అని తెలియక మామూలు కదలికలా గీసేశాను. అమ్మమ్మ విషయంలో ఇంకొకటి గమనించాను. తప్పిన ప్రతిసారీ ఆవిడ చూసేది దారం వైపు కాదు, సూది వైపు, తప్పంతా దానిదే అన్నట్టు.

వీడియో చూడకుండా 8 పోజులు గీయబోయాను, 5 మాత్రమే వచ్చాయి. ఆ 5 పెట్టుకునే షాట్ కట్టాను. కళ్ళజోడు ఉంచాను. ముడతలు చేతి మీద మాత్రమే ఉంచాను, అవి కూడా చెయ్యి ఆగినప్పుడే కనిపిస్తాయి. బొగ్గుపెన్సిల్ గారు చెప్పిన నిర్ణయాలు ఇవేననుకుంటా. ఊపిరి బిగబట్టేచోట 20 ఫ్రేములు ఒకే బొమ్మ. రఫ్‌లోనే ఉంది, గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, కానీ రాత్రి ప్లే చేస్తుంటే వంటగదిలోంచి వచ్చిన అమ్మ ఆగి, "అమ్మ కదా" అంది.

వీడియోనే చూపించొచ్చు కదా అన్న అబ్బాయికి జవాబు ఇంకా మాటల్లో దొరకలేదు. రఫ్ మాత్రం పంపించాను.

ఇప్పుడు చివరి షాట్ దగ్గర ఆగాను. సూదీ దారమూ పట్టుకున్న చెయ్యి మన వైపు వస్తుంది, 48 ఫ్రేములు అలాగే ఉంటుంది. దాన్ని అందుకోవడానికి నా చెయ్యి ఫ్రేములోకి రావాలా వద్దా అన్నది తేలడం లేదు. రెండు రకాలుగానూ గీసి చూస్తాను. ఈరోజు నా చెయ్యి రానిది గీస్తున్నాను.