లేపాక్షి చిత్రాల్లోని పొడవాటి టోపీలు: విజయనగర ఆస్థానంలో సుల్తానుల వేషం ఎందుకు?

చిత్రాభిమాని (ప్రశ్న):

లేపాక్షి వీరభద్రస్వామి ఆలయ మండపపు కప్పు మీది చిత్రాలను గురించి ఒక సందేహం. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ ఆధ్వర్యంలో వేయించిన ఈ చిత్రాల్లో దేవతలూ పురాణపురుషులూ కిరీటాలతో, నగలతో శిల్పశాస్త్రం చెప్పిన తీరులోనే ఉన్నారు. దర్శనానికి వచ్చిన రాజోద్యోగులు మాత్రం తెల్లని పొడవాటి అంగీలు తొడుక్కుని, తలపై నిలువుగా లేచిన కుల్లాయిలు పెట్టుకుని వరుసగా నిలుచున్నారు. ఆ టోపీ, ఆ అంగీ పారశీక, అరబ్బు దేశాల నుండి దక్కను సుల్తానుల కొలువుల మీదుగా వచ్చినవని చదివాను. హిందూ ధర్మరక్షణకే పుట్టిందని మనం చెప్పుకునే రాజ్యంలో, అందునా దేవాలయంలో, ఈ వేషం నిరభ్యంతరంగా ఎలా చోటు చేసుకుంది? దీన్ని ప్రభావం అనాలా, ఒత్తిడి అనాలా, మరేదైనా అనాలా?

శాసనపాఠకుడు:

చిత్రాభిమాని గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. దేవతల వేషం మారలేదు, కొలువులో ఉండే మనుషుల వేషం మారింది. ఫిలిప్ వాగొనర్ అనే చరిత్రకారుడు 1996లో ప్రచురించిన వ్యాసంలో ఈ విషయాన్నే చర్చించారు. విజయనగర ప్రభువులు మతాన్ని మార్చుకోకుండానే, నాటి విశాల రాజకీయ ప్రపంచంలో తమకూ సమాన స్థానం ఉందని చాటుకోవడానికి సుల్తానుల కొలువు మర్యాదలను కోరి స్వీకరించారని ఆయన వాదన. ఈ రాజులు శాసనాల్లో 14వ శతాబ్దం నుండే తమను తాము ‘హిందూరాయ సురత్రాణ’ అని చెప్పుకున్నారు, అంటే హిందూ రాజుల్లో సుల్తాను అని. శత్రువుకు తలవంచినవాడు పెట్టుకునే బిరుదు కాదది. హెరాత్ నుండి తైమూరు వంశపు ప్రభువు షారూఖ్ పంపగా రాయబారిగా వచ్చిన అబ్దుల్ రజాక్ 1443లో రెండవ దేవరాయలను చూసి, ఆయన పట్టు అంగీని, మెడలోని ముత్యాల హారాన్ని వర్ణించాడు. అలాంటి అతిథుల ఎదుట కూర్చునే రాజుకు, వారికి అర్థమయ్యే వేషం అవసరమయింది.

కట్టడాలకు వస్తే సంగతి మరింత ఆసక్తికరం. హంపిలో రెండు నిర్మాణాలను పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. ఒకటి, దేవరాయల కొలువులో ఉన్న అహమ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు. తన ప్రభువుకు పుణ్యం కలగాలని దీన్ని కట్టించినట్టు కన్నడ శాసనం చెక్కించాడు, అందులో దీన్ని ‘ధర్మసాలె’ అన్నాడు. ముందు నిలబడి చూస్తే మనకు తెలిసిన మండపమే కనిపిస్తుంది: రాతి స్తంభాలు, వాటిపై దూలాలు, చదునైన కప్పు. కమాను గానీ గుమ్మటం గానీ లేవు, పడమటి గోడలోని గూడు ఒక్కటే ఇది ప్రార్థనాస్థలమని చెబుతుంది. రెండవది రాజప్రాసాద ప్రాంతంలో ఉన్న, ఇప్పుడు లోటస్ మహల్ అంటున్న విహార మంటపం. దాని కింది అంతస్తు అంతా పూరేకుల్లా ఒంపులు తిరిగిన కమానులు, పైన మాత్రం గుడి గోపురాల్లాంటి అంచెలంచెల శిఖరాలు. ముసల్మాను సేనాని మండపం కట్టాడు, హిందూ రాజు కమానులు ఎత్తించాడు. శైలిని చూసి కట్టించినవారి మతాన్ని నిర్ణయించడం ఈ ఊరిలో కుదరదు. ఏనుగుల శాలలోని 11 గదుల మీద రకరకాల గుమ్మటాలు లేపిన కాలంలోనే విరూపాక్ష, విఠల ఆలయాల నిర్మాణం ఆగమం చెప్పిన దారిలో సాగింది. ఏది ఎక్కడ వాడాలో వాళ్లకు స్పష్టంగా తెలుసు.

పద్యప్రియ:

శాసనపాఠకుడు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక్క విషయంలో విభేదిస్తాను. స్వీకరించినవారందరికీ అది ఇష్టమైన వేషమే అయిందన్న అర్థం రాకూడదు. ప్రౌఢదేవరాయల (పైన చెప్పిన రెండవ దేవరాయలే) దర్శనం కోసం పడిగాపులు పడుతూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువు, అంటే నోటినోటా నిలిచిన విడిపద్యం, మనందరికీ నోటికి వచ్చినదే:

*కుల్లాయుంచితి కోకచుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్*

కూర్పాసమంటే అంగీ. తరువాతి పాదాల్లో వెల్లుల్లి, నువ్వులపిండి తినవలసి వచ్చిందని, చల్లా అంబలి తాగవలసి వచ్చిందని వాపోయి, ‘తల్లీ కన్నడ రాజ్యలక్ష్మీ, దయ లేదా’ అని మొరపెట్టుకుంటాడు. చాటువు కాబట్టి కర్తృత్వాన్ని గట్టిగా నిలబెట్టలేము. అయినా దీన్ని కట్టినవారికి కుల్లాయి, అంగీ కొలువులోకి ప్రవేశించడానికి చెల్లించే సుంకంలా తోచాయన్నది మాత్రం స్పష్టం. లేపాక్షి కప్పు మీద హుందాగా కనిపించే టోపీయే ఇక్కడ నెత్తిన బరువయింది.

అదే శ్రీనాథుడు మరో చోట దీనికి పూర్తిగా భిన్నమైన మాట చెప్పాడు. భీమఖండాన్ని అంకితం పొందిన బెండపూడి అన్నయమంత్రి రాజమహేంద్రవరం రెడ్ల కొలువులో ఉన్నవాడు. ఆయన అహమ్మదు అనే ప్రభువుకు పారసీలో లేఖ రాస్తే, కాగితం మీది ఆ అక్షరాల వరుస కన్నులపండువుగా ఉంటుందని కవి అవతారికలో, అంటే కావ్యపు పీఠికలో, మెచ్చుకున్నాడు. శైవపురాణానికి కృతిపతిని, అంటే అంకితం పొందినవాడిని, పొగుడుతూ, ఆయన వేదపాండిత్యాన్ని కాక పారసీ చేవ్రాతను వర్ణించడానికి ఒక పద్యం కేటాయించాడంటే, ఆ నైపుణ్యానికి నాటి సమాజంలో ఎంత గౌరవం ఉండేదో ఊహించవచ్చు. ఇక శ్రీనాథుడి హరవిలాసం అవతారికలో వర్తకుడు అవచి తిప్పయసెట్టి తెప్పించిన సరుకుల పట్టిక చూడండి: హురుమంజి (హోర్ముజ్) గుర్రాలు, సింహళపు ఏనుగులు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టువస్త్రాలు. కుల్లాయిలూ ఇలాంటి వర్తకపు దారుల్లోనే కోస్తా రేవులకు చేరి ఉంటాయని నా ఊహ.

చిత్రాభిమాని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఇచ్చిపుచ్చుకోవడం అవతలి వైపు నుండి కూడా జరిగిందా? మసీదు సంగతి చెప్పారు. సాహిత్యంలో అలాంటిది ఏదైనా ఉందా?

గోలకొండవాసి:

ఉంది, పుష్కలంగా ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా గద్దెనెక్కక ముందు, అన్న జంషీదుకు భయపడి విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లపాటు ఉన్నాడు. 1550లో గోలకొండ సుల్తాను అయ్యాక తెలుగు కవులను కొలువుకు పిలిపించుకున్నాడు, వారి పద్యాల్లో ‘మల్కిభరాముడు’ (మాలిక్ ఇబ్రహీం) అయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. భారతకథను కావ్యంగా రాసి సుల్తానుకు కృతి ఇవ్వడంలో కవికి గానీ ప్రభువుకు గానీ ఎబ్బెట్టు కనబడలేదు. తొలి అచ్చతెలుగు కావ్యంగా పేరుపొందిన పొన్నిగంటి తెలగన యయాతిచరిత్రకు కృతిపతి కూడా ఒక ముసల్మానే, పటాన్‌చెరువును ఏలిన అమీన్ ఖాన్.

అయితే దీన్ని మరీ తీపిగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఆశ్రయమిచ్చిన ఆ రామరాయల మీదికే 1565లో దండెత్తిన సుల్తానుల కూటమిలో ఇబ్రహీం కూడా ఉన్నాడు. ఒకరి కవిత్వాన్ని ఆదరించడం, ఒకరి రాజ్యం మీద కత్తి దూయడం రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి. అందువల్ల లేపాక్షి టోపీలను మతసామరస్యానికి రుజువుగా చూపేవారితోనూ, అవి లొంగుబాటుకు గుర్తులనేవారితోనూ నేను ఏకీభవించలేను. వాటిని ముందుగా కొలువు దుస్తులుగా చూడండి.

చిత్రాభిమాని గారు ఈసారి తిరుమల వెళ్లినప్పుడు, ఆలయ ప్రవేశంలో తిరుమలదేవి, చిన్నాదేవిల మధ్య నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహాన్ని ఒకసారి పరికించండి. స్వామి ఎదుట ఆయన చేతులు జోడించి నిలుచున్నాడు. పైన అంగీ లేదు, కట్టింది పంచె. కుల్లాయిని మాత్రం తీయలేదు.