పేరిణి నాట్యం నేర్చుకుంటున్న పదహారేళ్ల అబ్బాయికి సాయం చేసే ట్రస్టులు ఉన్నాయా?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్, పేరిణి నేర్చుకుంటున్నాడు. కాకతీయుల కాలంలో జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి గ్రంథం, రామప్ప గుడి శిల్పాల ఆధారంగా నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టిన నాట్యం కదా అది. మృదంగం ఎంత వేగం అందుకున్నా వీడి గజ్జె తాళం తప్పదు. హైదరాబాద్‌లో ఉండి రెండేళ్లు గట్టిగా సాధన చేయాలని గురువుగారు అంటున్నారు. బావ ఆటో నడుపుతాడు. ఫీజు, హాస్టల్ తలకు మించిన భారం.

చిక్కంతా వయసు దగ్గరే. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ ఇచ్చే స్కాలర్‌షిప్‌కి 10 నుంచి 14 ఏళ్ల మధ్య ఎంపిక కావాలి, వీడు మొదలుపెట్టిందే ఆ తర్వాత. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు రెండేళ్లపాటు నెలకు 5,000 రూపాయలు ఇస్తుంది గానీ 18 నిండాలి. ఒళ్లు, లయ కలిసి కుదురుకునే వయసు ఇదే. ఇప్పుడు ఆపితే ఎలా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

ఈ వయసు పిల్లలకు శిక్షణ ఖర్చు భరించే ట్రస్టులు, దాతలు, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ నిధులు ఉన్నాయా? డబ్బు నేరుగా గురువుకి, హాస్టల్‌కి కట్టినా సరే. మీ పిల్లలకు ఎవరికైనా అలా అంది ఉంటే, వీడియో పంపారా, గురువు లేఖ సరిపోయిందా, ఆదాయ ధ్రువపత్రం అడిగారా, దయచేసి వివరంగా చెప్పండి.