కౌలాలంపూర్‌లో 9 గంటలు: అమ్మతో నడిచి తిరగడం కుదురుతుందా?

వచ్చే నెల మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్ వస్తూ కౌలాలంపూర్‌లో 9 గంటలు ఆగాలి. పొద్దున్న 7కి దిగుతాం. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో సిటీలోని ప్రధాన స్టేషన్ కేఎల్ సెంట్రల్‌కి అరగంట, అక్కణ్ణుంచి ఎల్ఆర్‌టీ (సిటీలో తిరిగే లైట్ రైలు)లో ఒక్క స్టేషన్ దాటితే పసార్ సెని. ఆ తర్వాత నడకే: చైనాటౌన్ బజారైన పెటాలింగ్ స్ట్రీట్, 1873 నాటి మారియమ్మన్ గుడి, క్లాంగ్, గొంబాక్ నదులు కలిసేచోట ఉన్న జామెక్ మసీదు. ఊరికి ఆ పేరొచ్చింది ఈ బురద సంగమం వల్లేనట!

నాకు టెన్షన్ అంతా అమ్మ మోకాళ్ల గురించే. రెండు వీధులు నడిస్తే చాలు, ఎక్కడ అరుగు కనిపిస్తే అక్కడ కూలబడుతుంది. పైగా అక్కడి ఉక్కపోత. ఈ దారిలో ఫుట్‌పాత్‌లు సరిగ్గా ఉంటాయా? మధ్యలో కూర్చోడానికి నీడ, అమ్మకి ఇడ్లీ దొరికే చోటు ఉందా? తిరుగు రైలు ఎన్నింటికి ఎక్కితే మంచిది? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.