పాత బోర్డో రెడ్: పాడైందా, వయసు మీద పడిందా?

వైన్_విద్యార్థి: సాయంత్రం నుంచి దీనితోనే కూర్చున్నా, తల వేడెక్కిపోయింది. లండన్‌లో వైన్ కోర్సు చేస్తున్నా. ప్రాక్టీసుకని ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు పాత రెడ్ వైన్ కొని తీశా. గ్లాసు వంచి చూస్తే అంచున ఇటుక రంగు. పండు వాసన దాదాపు లేదు, తడిమట్టి, పుట్టగొడుగులు. నోట్లో చేదు, నాలుక మీద ఇసుకలా ఏదో తగులుతోంది. లేబుల్ మీద గ్రాండ్ క్రూ (‘గొప్ప తోట’) అని ఉంది కదా, మరి ఇలా ఎందుకుంది? షాపువాళ్లు పాడైంది అంటగట్టారా? రేపటికి టేస్టింగ్ నోట్ రాయాలి, ప్లీజ్.

బిరడా: ఏ సంవత్సరం? ఏ ఊరు? సీసా ఎంతసేపు నిలబెట్టారు?

మెడాక్_అభిమాని: ముందు ఆ గ్రాండ్ క్రూ సంగతి చూడాలండీ. బోర్డో తోటలకు శ్రేణులిచ్చిన 1855 జాబితాలోని రెడ్లన్నీ మెడాక్ ప్రాంతానివే, గ్రావ్ ప్రాంతం నుంచి ఓ-బ్రియోన్ తోట ఒక్కటే చేరింది. 1973లో మూటాన్ తోటను మొదటి శ్రేణికి పెంచారు. బోర్డోలోనే సెయింట్ ఎమిలియన్ ఊరి జాబితా వేరు, అది 1955లో మొదలైంది. అక్కడ ఉత్త ‘గ్రాండ్ క్రూ’ అంటే అప్పెలేషన్ (ఏ ప్రాంతపు వైనో చెప్పే పేరు) మాత్రమే, పక్కన ‘క్లాసే’ ఉంటేనే జాబితాలో ఉన్నట్టు. దాని పక్కనున్న పొమెరోల్‌కి అసలు జాబితానే లేదు.

వైన్_విద్యార్థి: సెయింట్ ఎమిలియనే, 1998. క్లాసే అని లేదు. పొద్దున కొని సంచిలో వేసుకుని ట్యూబ్ రైల్లో తెచ్చా, సాయంత్రం తీశా.

బిరడా: దారిలో అడుగు మడ్డి కదిలింది. చేదు, ఇసుక దానివే.

ద్రాక్షతోట: 1998 నది కుడి ఒడ్డున, అంటే సెయింట్ ఎమిలియన్ వైపు, మంచి ఏడాది. వానలు ముదిరేలోపే అక్కడి మెర్లో రకం ద్రాక్ష కోత చాలావరకు అయిపోయింది. ఇటుక రంగు, పుట్టగొడుగులు, ఎండుటాకులు, తోలు వాసన ఈ వయసుకి మామూలే. సీసా మూతకున్న బిరడా వల్ల వైన్ పాడైతే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, గ్లాసులో ఉంచేకొద్దీ ఎక్కువవుతుంది. పావుగంట ఆగి మళ్లీ వాసన చూడండి. ఎండు రేగు, సిగార్ పెట్టె లాంటివి పైకొస్తే వైన్ బాగున్నట్టే. ఇంకోసారి సీసాను ఒక రోజంతా నిలబెట్టండి. పోసేటప్పుడు మెడ కింద లైటు పెట్టుకుని, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి.

మెడాక్_అభిమాని: డికాంటర్‌లో (వైన్ వంపి గాలి తగలనిచ్చే గాజు కూజాలో) రెండు గంటలైనా ఉంచాలి కదా?

ద్రాక్షతోట: కుర్ర వైన్‌కి సరేనండి, దాని వగరు తగ్గాలి. పాతదాంట్లో మిగిలిన ఆ కాస్త పరిమళం గాలికి పోతుంది. మడ్డి వేరు చేసి వెంటనే తాగేయాలి.

మెడాక్_అభిమాని: నేను ఒప్పుకోను. మెడాక్‌లోని పొయ్యాక్ ఊరి పాత సీసాలు గంట తర్వాతే విచ్చుకోవడం చాలాసార్లు చూశా.

బిరడా: అది ఎక్కువగా కాబెర్నే ద్రాక్షది. ఇది ఎక్కువగా మెర్లోది.

వైన్_విద్యార్థి: అట్ట వాసన లేదు. ఇప్పుడు కొంచెం ఎండు రేగు తెలుస్తోంది. సీసా అడుగున మిగిలింది తేరుకోవడానికి పక్కన పెట్టా. నోట్ మొదలెడతా, థ్యాంక్సండీ.

మెడాక్_అభిమాని: పొయ్యాక్ మాటకొస్తే, 1996వి ఎవరైనా ఈమధ్య తీశారా?