ఎప్సన్ వీ600, ప్లస్‌టెక్ 8200ఐ స్కానర్లు: ఏది మెరుగో తేల్చేదెలా?

పాతరీలు:
ఇంట్లో 90ల నాటి 35 ఎంఎం కలర్ నెగటివ్‌లు డబ్బా నిండా ఉన్నాయి, ఎక్కువ పెళ్లిళ్లవే. నా దగ్గర ఎప్సన్ వీ600 ఉంది, మా బావ తన ప్లస్‌టెక్ 8200ఐ కొన్నాళ్లు వాడుకోమని ఇచ్చాడు. ఒకే ఫ్రేము రెండింట్లోనూ 3200 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టి, మిగతావన్నీ డీఫాల్ట్‌గా వదిలేసి తీశాను. ప్లస్‌టెక్‌లో పట్టుచీర జరీ పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి గానీ ముఖాలు ఎర్రబారాయి, ఎప్సన్‌లో రంగు బాగుంది గానీ జరీ అలికేసినట్టుంది. సెట్టింగ్స్ ఒకటే కదా, ఈ పోలికను నమ్మొచ్చా?

గ్రెయిన్‌గోల:
డీఫాల్ట్‌గా వదిలేశాక సెట్టింగ్స్ ఒకటే ఎలా అవుతాయండీ? ఎప్సన్ సాఫ్ట్‌వేర్ అయిన ఎప్సన్ స్కాన్ తన లెక్కలో షార్ప్‌నింగ్, ఎక్స్‌పోజర్ సర్దుతుంది, ప్లస్‌టెక్‌తో వచ్చే సిల్వర్‌ఫాస్ట్ ఏ ఫిల్మ్ ప్రొఫైల్ ఎంచుకుంటే ఆ ప్రకారం నెగటివ్‌ను పాజిటివ్‌గా మారుస్తుంది. రంగుల తేడాలో చాలావరకు సాఫ్ట్‌వేర్‌దే, ఆ ఎరుపు చూసి ప్లస్‌టెక్ మీద తీర్పు చెప్పకండి. వ్యూస్కాన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ రెండింటికీ పనిచేస్తుంది. అందులో షార్ప్‌నింగ్, ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ (దుమ్ము, గీతలు చెరిపేది), గ్రెయిన్ రిడక్షన్ అన్నీ ఆపేసి 48 బిట్ రా ఫైల్ (సాఫ్ట్‌వేర్ మార్పులు లేనిది) తీసుకోండి, తర్వాత రెండు ఫైళ్లనూ ఒకే ప్రోగ్రాంలో ఒకే పద్ధతిలో పాజిటివ్ చేయండి.

డీపీఐదాసు:
పైన చెప్పింది కరెక్టే, కానీ అసలు గొడవ ఆ 3200 దగ్గరుంది. పెట్టె మీద వీ600కి 6400 అని రాస్తారు, టెస్ట్ చార్టుతో కొలిస్తే 1500-1600 దగ్గరే ఆగిపోతుంది. 8200ఐ కూడా 7200 అంటుంది గానీ నిజంగా ఇచ్చేది 3250 చుట్టుపక్కలే, అదీ 7200లో స్కాన్ చేస్తేనే. మీరు 3200 దగ్గర కట్టేస్తే దాని చేతులు కట్టేసినట్టే. 7200లో తీస్తే ఒక్క ఫ్రేముకే దాదాపు 69 మెగాపిక్సెళ్లు వస్తాయి, దాన్ని తగ్గించి ఎప్సన్ ఫైల్ సైజుకు తెచ్చి పక్కపక్కన పెట్టండి. ఒకటి 100 శాతం జూమ్‌లో, ఇంకొకటి 50లో చూసి వాదించుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకో మాట, వీ600కి ఆటోఫోకస్ లేదు, ఫిల్మ్ హోల్డర్లో వంగి ఉంటే ఆ జరీ ఎలాగూ అలికినట్టే వస్తుంది. స్ట్రిప్పులను బరువైన పుస్తకాల కింద కొన్నాళ్లు పెట్టి, చదును చేశాక మళ్లీ తీయండి, లేదంటే పాపం ఎప్సన్‌కు అన్యాయం చేసినట్టే.

స్లైడుబాబు:
బ్రో, ఇంత ల్యాబ్ టెస్ట్ అవసరమా? డబ్బా నిండా ఉన్నాయంటున్నారు. వీ600 హోల్డర్లో 12 ఫ్రేములు ఒకేసారి పెట్టి మీ పని చూసుకోవచ్చు, ప్లస్‌టెక్‌లో ఒక్కో ఫ్రేమూ చేత్తో జరపాలి. ఫోన్లో చూసుకునే ఫొటోలకు ఎప్సన్ చాలు.

డీపీఐదాసు:
@స్లైడుబాబు ఆయన అడిగింది పోలిక గురించి. అయినా మీరన్నదీ నిజమే, పెద్ద ప్రింట్ వేయించే వాటికే ప్లస్‌టెక్ పెట్టుకుంటే సరి.

పాతరీలు:
థాంక్స్ అందరికీ. కొన్ని బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లు కూడా ఉన్నాయి, వాటికీ ఇదే పద్ధతా?

గ్రెయిన్‌గోల:
ఇదే. కాకపోతే టెస్ట్ అయ్యాక కూడా ఇన్‌ఫ్రారెడ్ క్లీనింగ్ ఆన్ చేయకండి. ఆ ఫిల్మ్‌లోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, దాన్ని దుమ్మనుకుని బొమ్మనే చెరిపేస్తుంది. బ్లోయర్‌తో ఊది, మెత్తటి బ్రష్‌తో తుడిచి పెట్టుకోండి.